అశ్వగంధ: శాతం చూసి కొనాలా, వేరు చూసి కొనాలా?

తుమ్మచెట్టు
అశ్వగంధ మందుల్లో ఆకు వాడొద్దని ఆయుష్ మంత్రిత్వ శాఖ 2021 అక్టోబరులో తయారీదారులకు చెప్పింది. నేను కొన్న సీసా మీద 'విథనోలైడ్లు 5 శాతం' (అశ్వగంధలో మందుగా పనిచేసే పదార్థాలట) అని పెద్దక్షరాల్లో ఉంది. వేరు అనే మాటే లేదు. ఆ శాతాన్ని నమ్మాలా, పాత పద్ధతిలో గడ్డ, అంటే ఎండు వేరు, తెచ్చి దంచుకోవాలా? తెలిసినవాళ్ళు చెప్పండి.

రేగడిచేను
గడ్డే తెచ్చుకోండి. మాది అనంతపురం వైపు, అశ్వగంధ వేస్తాం. ఆకులు ఎండి కాయలు ఎర్రబడ్డాక మొక్కను వేరుతో సహా పీకుతాం. మొదలు దగ్గర కోసి, ఎండబెట్టి, కర్రతో కొట్టి మట్టి దులుపుతాం. మంచి గడ్డ పటుక్కున విరగాలి, లోపల తెల్లగా ఉండాలి. మధ్యప్రదేశ్‌లోని నీమచ్ మండీలో కూడా లావు, పొడవు, తెలుపు చూసే ధర కడతారు.

మాత్రలడబ్బా
విరిచి చూస్తే గడ్డలో పిండి ఎంతుందో తెలుస్తుంది, మందు ఎంతుందో తెలియదు. పనిచేసేవి విథనోలైడ్లు. గడ్డపొడిలో అవి మామూలుగా ఒక శాతం కూడా ఉండవు. 5 శాతం ఉన్న సారం 300 మిల్లీగ్రాములు వేసుకుంటే 15 మిల్లీగ్రాములు లోపలికి వెళ్తాయని నేను లెక్క చెప్పగలను. మీ చెంచాడు పొడికి లెక్క ఎవరు చెప్తారు?

గోదారిగాలి
మా నాయనమ్మ పాలల్లో కాచి ఇచ్చేది. ఎవరికీ ఏమీ కాలేదు.

రేగడిచేను
ఆ 15 మిల్లీగ్రాములు గడ్డవో ఆకువో చెప్పండి సార్ ముందు. విథాఫెరిన్-ఎ అని ఒక విథనోలైడ్ ఉంది, అది ఆకులో గడ్డలో కన్నా చాలా ఎక్కువ. గడ్డ సారంలో కాస్త ఆకు సారం కలిపితే మీ శాతం వచ్చేస్తుంది.

మాత్రలడబ్బా
ఆకు కలిపితే దొరికిపోతుంది. ఆకులో ఉండే ఫ్లేవనాయిడ్ గ్లైకోసైడ్లు అనే పదార్థాలు వేరులో కనపడవు, ల్యాబులో ఆ తేడా పట్టుకుంటారు. పొడి కొట్టాక మీ పటుక్కు పరీక్ష ఎలా చేస్తారు? నేను అడిగింది అదొక్కటే.

రేగడిచేను
పొడి ఎందుకు కొనాలి? గడ్డ కొని దంచుకోమన్నాను. చదవకుండా రాస్తున్నారు.

మాత్రలడబ్బా
హైదరాబాదులో అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్ళు రోలు ఎక్కడ తెస్తారండీ? జరిగే మాట చెప్పండి.

తుమ్మచెట్టు
కొంచెం నెమ్మదిగా మాట్లాడుకుందాం.

రేగడిచేను
నెమ్మదిగానే చెప్తా. పోయినేడు ఒక వ్యాపారి మా గడ్డ చూసి మెచ్చుకుని, శాంపిల్ పట్టుకుపోయి, శాతం తగ్గిందని ధర కోశాడు. ఆ ల్యాబు కాగితం నాకు చూపించలేదు. అదే మనిషి మరుసటి వారం వచ్చి ఎండిన ఆకు ఉంటే కిలోల లెక్కన ఇస్తావా అన్నాడు. గడ్డకు లేని శాతం ఆయనకు ఎక్కణ్ణుంచి వస్తుందో మీరే చెప్పండి. విరిచి చూసే రోజుల్లో ధర నా కళ్ళ ముందు తేలేది. ఇప్పుడు నేను చదవలేని కాగితం మీద తేలుతోంది. మీరు సైన్సు అంటున్నది నా వరకు అదే.

మాత్రలడబ్బా
మీకు అన్యాయం జరిగింది. కాగితం చూపించాల్సిందే. కానీ అది ఆ వ్యాపారి తప్పు, శాతం తప్పు కాదు.

వంటింటివాకిలి
మీరిద్దరూ మంచి సరుకు ఏదని కొట్టుకుంటున్నారు. మా అమ్మకు థైరాయిడ్. రోజూ మాత్ర వేసుకుంటుంది. మోకాళ్ళ నొప్పులకని మంచి గడ్డే తెచ్చి, ఇంట్లోనే దంచి పాలల్లో ఇచ్చాం. గుండె దడ, నిద్ర లేదు. రక్తపరీక్షలో థైరాయిడ్ పెరిగిందని వచ్చింది. అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్లను పెంచగలదని డాక్టర్ చెప్పాకే తెలిసింది. అమ్మినాయన 'గడ్డే కదమ్మా, భయమేముంది' అన్నాడు. ఇప్పటికీ మా అన్నయ్య నన్నే అంటాడు.

గోదారిగాలి
అయ్యో. కానీ అందరికీ అలా కాదు కదా.

మాత్రలడబ్బా
అందరికీ కాకపోవచ్చు. కానీ ఐస్‌లాండ్, అమెరికాల్లో అశ్వగంధ వాడాక కామెర్లతో వచ్చిన కేసుల మీద 2020లో పరిశోధన పత్రం వచ్చింది. 2023లో డెన్మార్క్ అశ్వగంధను నిషేధించింది. ఆ నిషేధం మరీ ఎక్కువని నేనూ అంటాను. అయినా ఒంట్లో హార్మోన్‌ను కదిలించేది ఏదైనా మందే. రేగడిచేను గారూ, మీరు దాన్ని చింతపండులా అమ్మాలంటున్నారు. నేను మందులా అమ్మాలంటున్నాను. మా మందుల షాపు కౌంటర్ దగ్గర 'థైరాయిడ్ ఉందా, కడుపుతో ఉన్నారా, లివర్ బాగుందా' అని అడగాల్సింది నేనే. సీసా మీద మోతాదు లేకపోతే ఏమని సలహా ఇవ్వను?

రేగడిచేను
అమ్మా, మీ అమ్మగారికి జరిగింది చూసి బాధేసింది. మా సంచీ మీద కూడా థైరాయిడ్ ఉన్నవాళ్ళు డాక్టర్ని అడగమని రాయాలి, ఒప్పుకుంటా. కానీ సార్, మందు అన్న రోజు లైసెన్సు కంపెనీకే వస్తుంది. అప్పుడు గడ్డ కొనేది వాళ్ళే, శాతం చెప్పేదీ వాళ్ళే. వాళ్ళ ల్యాబు చెప్పింది నాకు సరిగ్గా అనిపించకపోతే రెండో పరీక్ష ఎవరు చేయిస్తారు, ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? దీనికి జవాబు చెప్పండి, మీ మాటకు ఒప్పుకుంటాను.

తుమ్మచెట్టు
నేను సీసా తిరిగి ఇచ్చేస్తున్నా. వేరు అని రాసి ఉన్నది దొరికితే ఇక్కడే చెప్తాను. రెండో పరీక్ష సంగతి తెలిసినవాళ్ళు రాయండి.