.375 రైఫిల్ తన్ను (కాల్చగానే భుజానికి వెనక్కి తగిలే దెబ్బ) తట్టుకోవడం ఎలా? ట్రిగ్గర్ నొక్కేలోపే కళ్ళు మూసుకుపోతున్నాయి

కొత్త375:

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ .30-06 రైఫిల్ వాడాను, దాంతో ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. ఇప్పుడు అంతకంటే పెద్ద తూటా కాల్చే .375 హెచ్ అండ్ హెచ్ మాగ్నమ్ చేతికొచ్చింది. 300 గ్రెయిన్ల బుల్లెట్, స్కోప్‌తో కలిపి రైఫిల్ బరువు 4.3 కిలోలు. మొదటి రెండు షాట్లు అనుకున్న చోటే పడుతున్నాయి, ఆ తర్వాత నుంచి గురి చెదిరిపోతోంది. ట్రిగ్గర్ నొక్కేలోపే నా కళ్ళు మూసుకుపోతున్నాయని పక్కన నిలబడ్డ మిత్రుడు చెప్పాడు. కాల్చేదంతా బెంచీ దగ్గర కూర్చునే. నొప్పి కంటే "ఇప్పుడు తంతుంది" అనే టెన్షనే ఎక్కువగా ఉంటోంది. మజిల్ బ్రేక్ (బ్యారెల్ కొసకు బిగించే, తన్ను తగ్గించే గొట్టం) పెట్టించమని కొందరు, మెత్తటి ప్యాడ్ చాలని కొందరు, అదే అలవాటైపోతుందిలే అని ఇంకొందరు అంటున్నారు. ఇలాంటి షాట్‌తో ఒక జంతువును గాయపరిచి వదిలేయడం నాకు అస్సలు ఇష్టం లేదు, కాబట్టి ఇది సరయ్యాకే వేట సంగతి. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

రేంజ్‌మాస్టారు:

"అలవాటైపోతుంది" అన్నవాళ్ళ మాట పక్కన పెట్టేయండి. తన్ను అలవాటు కాదండీ, తన్నుకు బెదరడం అలవాటవుతుంది. కళ్ళు మూసుకుని కాల్చిన ప్రతి షాటూ ఆ బెదురును ఇంకాస్త గట్టిపరుస్తుంది, అందుకే కొన్నాళ్ళు .375ని బీరువాలో పెట్టి తాళం వేయమంటాను.

ముందు చెవుల సంగతి చూడండి. చాలామంది భుజానికి తగిలే దెబ్బ గురించే మాట్లాడతారు గానీ మనిషి బెదిరేది సగానికి సగం చప్పుడుకే. పెద్ద రైఫిల్ చప్పుడు 160 డెసిబెల్స్ దాటుతుంది, 140 దాటిన పేలుడు ఒక్కటి చాలు చెవి దెబ్బతినడానికి. చెవి లోపల ప్లగ్, పైన చెవిని కప్పే మఫ్, రెండూ కలిపి పెట్టుకుని కాల్చి చూడండి. అదే రైఫిల్, అదే తూటా, కానీ తన్ను తగ్గినట్టు అనిపిస్తుంది.

తర్వాత డమ్మీ (పేలని ఉత్తుత్తి) తూటాల సాధన. మీరు చూడకుండా మీ మిత్రుడు రైఫిల్లో ఒకసారి అసలు తూటా, ఒకసారి డమ్మీ వేసి ఇవ్వాలి. ఏది వేశాడో మీకు తెలియకూడదు. డమ్మీ వచ్చినప్పుడు "టక్" మని శబ్దం మాత్రమే వస్తుంది, ఆ క్షణంలో బ్యారెల్ కొస ఏం చేస్తోందో చూడండి. బెదురు ఉంటే కొస కిందికి దిగుతుంది, భుజం ముందుకు తోస్తుంది, అరచేయి మొత్తం బిగుసుకుంటుంది. ఎవరో చెబితే నమ్మబుద్ధి కాదు గానీ స్కోప్‌లో క్రాస్ గీతలు లక్ష్యం మీంచి కిందికి జారడం మీ కంటితో మీరే చూస్తే ఇక వాదన ఉండదు. టక్ మన్నప్పుడు కూడా గీతలు కదలకుండా నిలిచేదాకా ఇది చేయాలి, ముందు తన్ను దాదాపు లేని చిన్న .22 రైఫిల్‌తో, తర్వాత మీ .30-06తో, చివరికి .375తో. ఒక్క జాగ్రత్త: టక్ మనగానే డమ్మీయేలే అనుకుని బోల్ట్ లాగేయకండి. అసలు తూటా ఆలస్యంగా పేలే అవకాశం ఉంటుంది, బ్యారెల్ లక్ష్యం వైపే ఉంచి 30 సెకన్లు ఆగండి.

ఇంట్లో ఖాళీ రైఫిల్‌తో ట్రిగ్గర్ సాధన కూడా చేయండి, స్నాప్ క్యాప్ (ఖాళీ సాధనకు వాడే డమ్మీ తూటా) వేసి. ఆ గదిలో ఒక్క తూటా కూడా ఉండకూడదు.

స్టాక్‌పని:

మాస్టారు మనసు సంగతి చెప్పారు, నేను కర్ర సంగతి, అంటే భుజానికీ చెంపకూ ఆనే స్టాక్ సంగతి చెబుతాను. ముందు ఒక లెక్క. 300 గ్రెయిన్లంటే 19.4 గ్రాములు, అది సెకనుకు సుమారు 770 మీటర్ల వేగంతో వెళ్తుంది. వెనకున్న దాదాపు 5 గ్రాముల మందు మండి, వాయువై బుల్లెట్ కంటే వేగంగా బయటికి దూకుతుంది, దాని వాటా తోపు కూడా రైఫిల్ మీదే పడుతుంది. రెండూ కలిపితే మీ 4.3 కిలోల రైఫిల్ సెకనుకు 5 మీటర్లకు దగ్గరి వేగంతో వెనక్కి వస్తుంది, శక్తి సుమారు 50 జౌళ్ళు. 180 గ్రెయిన్ల .30-06, 3.6 కిలోల రైఫిల్లో అయితే 27 జౌళ్ళ చుట్టుపక్కల ఉంటుంది. అంటే మీ భుజం మీద పడేది ఇంచుమించు రెట్టింపు. కాబట్టి మీరు భయస్తులేం కాదు, శరీరం సరిగ్గానే పనిచేస్తోంది.

ఈ లెక్కలో మన చేతిలో ఉన్నది బరువు. స్టాక్ లోపలి ఖాళీలో అర కిలో బరువు కలిపితే శక్తి పదో వంతుకు పైగా తగ్గుతుంది. రోజంతా మోయాలి కదా అంటారు, నిజమే, కానీ తేలికపాటి .375 కొని దాన్ని కాల్చడానికి జంకేవాళ్ళను నేను చాలామందిని చూస్తుంటాను.

బరువు కంటే ముఖ్యం కొలత. రైఫిల్ ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూసుకుని, వేటకు వేసుకునే చొక్కా కోటే వేసుకుని, కళ్ళు మూసుకుని భుజానికి ఎత్తండి. ఇప్పుడు కళ్ళు తెరవండి. తల కదల్చకుండా స్కోప్ నిండుగా కనిపించాలి. అంచున నల్లటి నీడ పడితే స్టాక్ పొడవో, చెంప ఆనే ఎత్తో, స్కోప్ ఉన్న చోటో, ఏదో ఒకటి మీకు సరిపోలేదు. స్టాక్ మరీ పొడవైతే బట్ (స్టాక్ వెనక కొస) భుజం గుంటలో కూర్చోదు, జబ్బ మీదికి జారుతుంది, అక్కడ తగిలితే నల్లగా కమిలిపోతుంది. మరీ పొట్టిదైతే బొటనవేలు ముక్కుకు, స్కోప్ కనుబొమకు తగులుతాయి. ఈ క్యాలిబర్‌కి కంటికీ స్కోప్‌కీ మధ్య 9 నుంచి 10 సెంటీమీటర్లు ఉండాలి, అంతకు తగ్గితే కనుబొమ మీద అర్ధచంద్రాకారంలో గాటు పడుతుంది. ఇక స్టాక్ బ్యారెల్ గీత కంటే బాగా కిందికి వంగి ఉంటే కాల్చినప్పుడు రైఫిల్ తిన్నగా వెనక్కి రాదు, పైకి లేచి చెంపను కొడుతుంది. బుల్లెట్ వెళ్ళే గీతకు దగ్గరగా, తిన్నగా ఉండే స్టాక్ ఎంతో మేలు.

ప్యాడ్ తన్ను శక్తిని తగ్గించదు. ఆ దెబ్బను కాస్త ఎక్కువ సమయం మీద, ఎక్కువ వెడల్పు మీద పరుస్తుంది, అందుకే మెత్తదనంతో పాటు వెడల్పూ చూడండి. గట్టి ప్లాస్టిక్ బట్ ప్లేట్ ఉంటే ఇవాళే తీసేయించండి.

దూరంగురి:

ఇంత పొడవున చెప్పారు గానీ మజిల్ బ్రేక్ పెడితే ఒక్కరోజులో పనైపోతుంది కదండీ. మంచి బ్రేక్ తన్నును 30 నుంచి 50 శాతం దాకా తగ్గిస్తుంది, వాయువును పక్కలకు మళ్ళించి రైఫిల్‌ను ముందుకు లాగుతుంది. నా .300 మాగ్నమ్ మీద ఉంది, షాట్ ఎక్కడ తగిలిందో స్కోప్‌లోనే చూసుకోగలుగుతున్నాను.

స్టాక్‌పని:

బ్రేక్ పనిచేస్తుంది, కాదనను. రేంజ్‌లో, ఒంటరిగా, చెవులకు రెండు వరసల రక్షణతో అయితే సరే. వేటలో చెవులకు ఆ రక్షణ ఎవరు పెట్టుకుంటారు? జాడ చూపించే మనిషి మీ పక్కనే, ఒక్కోసారి బ్యారెల్ కంటే అడుగు ముందే నిలబడి ఉంటాడు, ఆ పక్కకు మళ్ళిన పేలుడంతా అతని చెవిలోకే వెళ్తుంది. మీ తన్ను తగ్గించుకోవడానికి ఇంకొకరి వినికిడి ఖర్చుపెట్టే హక్కు మనకు లేదని నా అభిప్రాయం. విప్పి తీసే రకం బ్రేక్ పెట్టి, సాధనలో వాడి, వేటలో తీసేస్తారు కొందరు, అది నాకు ఒప్పే. కాకపోతే బ్రేక్ తీస్తే బుల్లెట్ పడే చోటు మారవచ్చు, అలాగే కాల్చి గురి మళ్ళీ సరిచూసుకోవాలి.

కొత్త375:

చాలా థాంక్సండీ ఇద్దరికీ. ఇంటికెళ్ళగానే కళ్ళు మూసుకుని ఎత్తి చూశాను, నిజంగానే స్కోప్ కింద అంచున నల్లటి నీడ ఉంది, తల పైకెత్తితే గానీ పోవడం లేదు. ఇంకో సందేహం. బెంచీ మీద కాకపోతే జీరో (స్కోప్ గురిని బుల్లెట్ పడే చోటుతో కలపడం) ఎలా చేయాలి? బరువులు పెట్టి రైఫిల్‌ను బిగించే స్లెడ్ కొంటే భుజానికి ఏమీ తెలియదంటున్నారు.

రేంజ్‌మాస్టారు:

స్లెడ్ మీద కట్టిపడేస్తే ఆ శక్తి మాయమైపోదు, స్టాక్ మీదా స్కోప్ మీదా పడుతుంది. పెద్ద క్యాలిబర్లకు స్టాక్ చీలిపోయేది అందుకే. వాడాల్సి వస్తే బరువులు తక్కువ పెట్టి రైఫిల్‌ను కొంచెం వెనక్కి కదలనివ్వండి.

అసలు బెంచీయే సగం కారణం. కూర్చుని ముందుకు వంగితే నడుము కదలదు, దెబ్బంతా భుజం ఒక్కటే తీసుకుంటుంది. బోర్లా పడుకుంటే ఇంకా ఘోరం, నేరుగా కాలర్ బోన్ మీద. అదే నిలబడితే ఒళ్ళంతా గాలికి ఊగే చెట్టులా వెనక్కి ఊగి దెబ్బను పంచుకుంటుంది. జీరోకి బెంచీ తప్పదంటే బెంచీ ఎత్తు పెంచి నిటారుగా కూర్చోండి, బట్‌కీ భుజానికీ మధ్య చిన్న ఇసుక సంచి పెట్టండి, మూడు షాట్లు కాల్చి లేచిపోండి. మిగతా సాధనంతా నిలబడి, షూటింగ్ స్టిక్స్ మీద ఆనించి చేయండి, వేటలో కాల్చేది ఎలాగూ అలాగే.

నిలబడ్డప్పుడు ఎడమ పాదం ముందు, బరువు కొంచెం దాని మీద, నడుము నుంచి కాస్త ముందుకు వాలి ఉండాలి (ఎడమచేతి వాటం అయితే ఇదంతా తిరగేసుకోండి). బట్ భుజం కీలుకు లోపలి వైపున్న మెత్తటి గుంటలో, కాలర్ బోన్‌కు తగలకుండా కూర్చోవాలి. ముందు చేత్తో రైఫిల్‌ను భుజంలోకి గట్టిగా లాగి పట్టండి. వదులుగా పట్టుకుంటే తక్కువ తగులుతుందనుకుంటారు, అది పొరపాటు, ఖాళీ ఉంటే రైఫిల్ వేగం పుంజుకుని వచ్చి గుద్దుతుంది.

రోజుకు .375తో అయిదు షాట్లకు మించొద్దు. మధ్యమధ్యలో .22 కాలుస్తూ ఉండండి. చెయ్యి తిమ్మిరెక్కినా, వేళ్ళు మొద్దుబారినా ఆ రోజుకు ఆపేయాలి, మర్నాటికీ తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి.

స్టాక్‌పని:

కింద అంచున నీడ పడి, తల ఎత్తితే పోతోందంటే మీ చెంప ఆనే చోటు తక్కువ ఎత్తులో ఉంది. తాత్కాలికంగా చెంప దగ్గర కట్టుకునే తోలు ప్యాడ్ దొరుకుతుంది, ఎత్తు తేల్చుకున్నాక కర్ర పని చేయించుకోవచ్చు. ఇంకోటి, ముందు బెల్టు కొక్కెం ఎక్కడుందో చూడండి. కర్రకు బిగించి ఉంటే తన్నినప్పుడు అది వెనక్కి వచ్చి ముందు చేతి వేళ్ళను కోస్తుంది. ఈ క్యాలిబర్ రైఫిళ్ళకు దాన్ని బ్యారెల్ మీదికి జరిపేది అందుకే. భుజానికి ప్యాడ్ మందంగా వేయిస్తే అంతమేర కర్ర కోయించండి, లేకపోతే స్టాక్ పొడవు పెరిగిపోతుంది. అన్నీ అయ్యాక చివరగా స్కోప్ రింగులు వదులు చేసి కంటి దూరం మళ్ళీ కొలవండి.