మెడికెయిడ్ దొంగ బిల్లుల కేసు: అటార్నీ జనరల్ చేరనంటే అక్కడితో ఆగిపోవాలా?

గోదారిగట్టు

అమెరికా రాష్ట్రాల ఫాల్స్ క్లెయిమ్స్ చట్టాల మీద ఒక్క ప్రశ్న వేస్తున్నాను. సర్కారుకు, ఉదాహరణకు మెడికెయిడ్‌కు (పేదలకు ఫెడరల్, రాష్ట్ర సర్కార్లు కలిసి నడిపే ఆరోగ్య పథకం), దొంగ బిల్లు పెట్టిన సంస్థ మీద, విషయం తెలిసిన మనిషి రాష్ట్రం తరఫున దావా వేయొచ్చు. దాన్ని క్వి టామ్ అంటారు, వేసినవాళ్లను రిలేటర్ అంటారు. దావా కొన్నాళ్లు సీల్ కింద గుట్టుగా ఉంటుంది. ఈలోగా రాష్ట్ర సర్కారు పెద్ద లాయరైన అటార్నీ జనరల్ ఆఫీసు ఆరా తీసి, కేసులో చేరతామనో చేరమనో చెబుతుంది.

చేరమంటే ఏమవుతుందన్న దగ్గర రాష్ట్రానికో దారి. కాలిఫోర్నియా, న్యూయార్క్, ఇల్లినాయ్‌లలో రిలేటర్ సొంత లాయరుతో కేసు నడుపుకోవచ్చు. మేరీలాండ్‌లో మాత్రం రాష్ట్రం చేరకపోతే కోర్టు కేసు కొట్టేయాల్సిందే. జార్జియాలో మెడికెయిడ్ కాని కేసులకు గేటు ఇంకా ముందే ఉంది: అటార్నీ జనరల్ రాసి ఇచ్చిన అనుమతి లేకుండా దావాయే పడదు.

నేను కాలిఫోర్నియా వైపు. "చేరం" అన్నంత మాత్రాన కేసులో పస లేదని కాదు. ఆ ఆఫీసులో ఉన్న కొద్దిమంది లాయర్లకు అన్ని కేసులూ మోసే ఓపిక ఉండదు. మనుషులు చాలలేదన్న కారణంతో నిజమైన మోసం తప్పించుకుపోతే నష్టం పన్ను కట్టేవాళ్లదే.

పద్దుపుస్తకం

గట్టు గారూ, మీరు మెడికెయిడ్‌నే చూస్తున్నారు. ఇల్లినాయ్‌లో పన్నుల వైపు ఏం జరిగిందో కూడా చూడండి. అక్కడి చట్టం ఆదాయపు పన్నును వదిలేసి మిగతా పన్నులకు వర్తిస్తుంది. ఆన్‌లైన్‌లో కొన్న వస్తువు రవాణా ఛార్జీ మీద కూడా సేల్స్ టాక్స్ పడొచ్చని 2009లో, వాల్‌మార్ట్ ఉన్న ఒక కేసులో, ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తర్వాత షికాగోలో ఒక లా ఫర్మ్ తానే రిలేటరై, వెబ్‌సైట్లలో చిన్న చిన్న వస్తువులు కొని, షిప్పింగ్ మీద పన్ను వేయని అమ్మకందార్ల మీద వందల దావాలు వేసింది.

అందులో లోపలి మనిషి ఎవరు? దాచిన కాగితం ఏది? రసీదు చూస్తే తెలిసే విషయం అది. షిప్పింగ్‌ను విడిగా చూపితే పన్ను పడుతుందా లేదా అన్నది అకౌంటెంట్లకే తికమక. చిన్న వ్యాపారికి కోర్టులో పోరాడే ఖర్చు కంటే రాజీ చవక, అందుకే డబ్బిచ్చి బయటపడ్డారు. రిలేటరూ లాయరూ ఒక్కరే అయితే తన పనికి తానే లాయరు ఫీజు రాబట్టుకోవడం కుదరదని 2018లో మైపిల్లో అనే దిండ్ల కంపెనీ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు కట్టడి చేసింది. అప్పటికి ఏళ్లు గడిచిపోయాయి. మేరీలాండ్ గేటు ఉండి ఉంటే వీటిలో చాలా భాగం మొదట్లోనే ఆగేవి.

కోడింగ్‌డెస్క్

పన్నుల సంగతి పద్దుపుస్తకం గారు చెప్పారు. మెడికెయిడ్‌లో కేసు ఎలా పుడుతుందో ఒక బిల్లు విప్పి చూపిస్తాను, ఇద్దరి వాదనా దాని మీద పరీక్షించుకోవచ్చు.

ఇంటికొచ్చి పెద్దవాళ్లను చూసుకునే పర్సనల్ కేర్ సేవకు టీ1019 కోడ్ వాడతారు. ఒక యూనిట్ అంటే 15 నిమిషాలు. రోజుకు 8 గంటలంటే 32 యూనిట్లు. పేషెంటు మూడు రోజులు పూర్తిగా ఆసుపత్రిలో ఉంది, ఏజెన్సీ మాత్రం ఆ మూడు రోజులకూ కలిపి 96 యూనిట్లు బిల్లు పెట్టింది. ఆసుపత్రిలో చేరి ఉన్నవాళ్లకు మామూలుగా ఈ సేవ కింద డబ్బు రాదు. యూనిట్‌కు 6 డాలర్లు అనుకుందాం. పోయిన సొమ్ము 576 డాలర్లు. చట్టం ప్రకారం నష్టానికి మూడింతలు వేస్తే 1,728. అసలు బరువు జరిమానాది. 2025 ఫెడరల్ ఫాల్స్ క్లెయిమ్స్ చట్టం లెక్కలో ఒక్కో క్లెయిముకు 14,308 నుంచి 28,619 డాలర్ల దాకా. రోజుకో క్లెయిమ్ చొప్పున మూడంటే తక్కువలో తక్కువ 42,924. చాలా రాష్ట్రాలు తమ జరిమానాను ఈ ఫెడరల్ లెక్కకే ముడిపెట్టాయి.

ఇది పొరపాటా, మోసమా? విజిట్ నమోదు చేసే ఈవీవీ యాప్ లాగ్‌లో దొరుకుతుంది. సహాయకురాలు ఫోన్‌లో క్లాక్ ఇన్ చేయలేదు, ఆఫీసులో ఎవరో తర్వాత చేత్తో సమయం దిద్దారు, కారణం గడిలో "ఫోన్ పనిచేయలేదు" అని నింపారు. ఒక పేషెంటుకు ఒకసారైతే పొరపాటు. ఒకే యూజర్ ఐడీ నుంచి నెలల తరబడి, ఆసుపత్రి తేదీలతో సరిగ్గా కలిసే దిద్దుబాట్లు వస్తుంటే అది వేరే కథ. చట్టం అడిగేది తెలిసి చేయడం, తెలుసుకోకుండా కావాలని కళ్లు మూసుకోవడం, లేదా బొత్తిగా ఖాతరు చేయకపోవడం. ఊరికే అజాగ్రత్త చాలదు. బిల్లు పెట్టిన రోజున వాళ్లు మనసులో ఏమనుకున్నారన్నదే ముఖ్యమని 2023లో సూపర్‌వాల్యూ అనే సూపర్‌మార్కెట్ సంస్థ కేసు తీర్పులో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది.

ఇంకోటి. ఎక్కువ డబ్బు వచ్చిందని గుర్తించాక 60 రోజుల్లో తిరిగి కట్టాలని 2010 నుంచి ఫెడరల్ చట్టం ఉంది. గుర్తించి కూడా అట్టే పెట్టుకుంటే, మొదట పొరపాటుగా వచ్చిన సొమ్ము కూడా ఫాల్స్ క్లెయిమ్ కిందికి వస్తుంది. ఎక్కువ ఏజెన్సీలు ఇరుక్కునేది ఇక్కడే.

గోదారిగట్టు

మంచి ఉదాహరణ. ఇలాంటి మూడు వందల బిల్లులున్న చిన్న ఏజెన్సీ కేసును అటార్నీ జనరల్ ఆఫీసు పక్కన పెట్టిందనుకోండి. మేరీలాండ్‌లో అది అక్కడితో సరి. లాగ్ ఉంది, సాక్షి ఉంది, రాష్ట్రానికి తీరిక లేదు. ఇది న్యాయమా?

సర్కారు వదిలేసిన కేసులు వట్టివని ఎవరైనా అంటే జాన్సెన్ అనే మందుల కంపెనీ కేసు చూడమనండి. హెచ్‌ఐవీ మందుల ప్రచారం మీద 2012లో వేసింది, ఫెడరల్ సర్కారు చేరలేదు. జ్యూరీ 1,59,574 తప్పుడు క్లెయిములు తేల్చింది. నష్టం 12 కోట్ల డాలర్లు, మూడింతలు 36 కోట్లు. ఒక్కో క్లెయిముకు 8,000 చొప్పున జరిమానా దాదాపు 128 కోట్లు. 2025 మార్చిలో న్యూజెర్సీ ఫెడరల్ కోర్టు మొత్తం 164 కోట్ల డాలర్లు కట్టమంది.

మేరీలాండ్ పద్ధతికి ఇంకో ఖర్చూ ఉంది. 2005 నాటి డెఫిసిట్ రిడక్షన్ చట్టం ప్రకారం, రాష్ట్ర చట్టం రిలేటర్లకు ఫెడరల్ చట్టమంత ఊతమిస్తే, రాబట్టిన మెడికెయిడ్ సొమ్ములో రాష్ట్రానికి పది పర్సెంటేజ్ పాయింట్లు అదనం. న్యూయార్క్‌లో మెడికెయిడ్ ఖర్చు ఫెడరల్, రాష్ట్ర సర్కార్లకు సగం సగం కాబట్టి, నూటికి 50 బదులు 60 డాలర్లు రాష్ట్రానికి మిగులుతాయి. మేరీలాండ్ ఆ పరీక్ష దాటలేదు.

పద్దుపుస్తకం

జాన్సెన్ తీర్పు మీద అప్పీలు వెళ్లింది, అది మరిచిపోవద్దు. అసలు రిలేటరే సర్కారు అధికారం చెలాయించడం రాజ్యాంగానికి సరిపడదని 2024 సెప్టెంబరులో ఫ్లోరిడా ఫెడరల్ జడ్జి జఫిరోవ్ కేసులో తీర్పిచ్చారు. అదీ అప్పీలుకు పోయింది. రాష్ట్ర చట్టాలకు అది నేరుగా తగలదు, ఒప్పుకుంటాను, అక్కడ చూడాల్సింది ఆ రాష్ట్ర రాజ్యాంగాన్ని. అయినా ప్రశ్న అదే: జనం ఎన్నుకోని మనిషి, 25 నుంచి 30 శాతం వాటా కోసం, రాష్ట్రం పేరు మీద ఎవరిని కోర్టుకీడ్చాలో తేల్చవచ్చా? కాలిఫోర్నియాలో రాష్ట్రం చేరకపోతే ఆ వాటా 50 శాతం దాకా పోతుంది.

కోడింగ్‌డెస్క్ గారి ఉదాహరణ చూశాక ఒక మెట్టు దిగుతాను. లోపలి రికార్డు, నెలల తరబడి ఒకే పద్ధతి ఉన్న ఆరోగ్య కేసుల్లో గేటు అక్కర్లేదు. పన్నుల్లో మాత్రం కావాలి. న్యూయార్క్ 2010లో పన్నులను చేర్చినప్పుడే హద్దు గీసింది: పన్ను ఎగ్గొట్టినవాడి రాబడి లేదా అమ్మకాలు ఏడాదికి 10 లక్షల డాలర్లు, నష్టం 3,50,000 దాటాలి. చిన్న కొట్టు ఆ వలలో పడదు. 2018లో స్ప్రింట్ అనే ఫోన్ కంపెనీ నుంచి 33 కోట్ల డాలర్లు వచ్చింది ఆ చట్టం కిందే, అటార్నీ జనరల్ చేరి నడిపిన కేసులోనే.

మూసీతీరం

కాలిఫోర్నియా చట్టం పన్నులకు వర్తించదంటారు కదా? మరి 2019లో ఇన్ఫోసిస్ ఆ రాష్ట్రానికి 8 లక్షల డాలర్లు కట్టింది దేనికి? మన తెలుగు రాష్ట్రాల్లోనూ ఇలాంటి చట్టం ఉంటే ఆరోగ్యశ్రీ బిల్లులకు పనికొచ్చేదేమో.

పద్దుపుస్తకం

అక్కడ మినహాయింపు ఉన్నది రెవెన్యూ అండ్ టాక్సేషన్ కోడ్ కింది పన్నులకే. జీతాల మీది పేరోల్ టాక్స్ వేరే కోడ్‌లో ఉంటుంది. దాదాపు 500 మందిని హెచ్1బీ బదులు బీ1 (వ్యాపార పర్యటన) వీసాల మీద తెచ్చి పనిచేయించి పేరోల్ పన్నులు తప్పించారన్నది ఆరోపణ. తప్పు ఒప్పుకోకుండానే కంపెనీ రాజీ పడింది. భారతదేశంలో క్వి టామ్ లేదు. కస్టమ్స్, జీఎస్టీ ఎగవేత చెప్పినవాళ్లకు 20 శాతం దాకా బహుమతి ఉంది, కానీ కేసు నడిపేది డిపార్ట్‌మెంటే. అంటే మేరీలాండ్ కంటే బిగువు.

కోడింగ్‌డెస్క్

కేసు వేయాలనుకునేవాళ్లు ఎక్కడ దెబ్బతింటున్నారో కూడా రాయాలి, ఈ వాదనలో సగం అక్కడే ఉంది.

మెడికెయిడ్‌లో రెండు సర్కార్ల డబ్బూ ఉంటుంది కాబట్టి ఫెడరల్ కోర్టులో ఒకే దావాలో రాష్ట్ర చట్టాలను కూడా కలుపుతారు. పేరు పెట్టిన ప్రతి రాష్ట్రం అటార్నీ జనరల్‌కూ దావా ప్రతి, ఆధారాల వివరం విడిగా పంపాలి. ఫెడరల్‌కు పంపి రాష్ట్రాన్ని మరిచిపోతే ఆ రాష్ట్రం కింది క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. సీల్ గడువు ఫెడరల్‌లో 60 రోజులు, వర్జీనియాలో 120, పొడిగింపులతో ఏళ్లు పట్టడం మామూలే. ఈలోగా వాట్సాప్ గ్రూపులో ఒక్క మెసేజ్ పెట్టినా సీల్ తెగినట్టే.

లాయరు లేకుండా సొంతంగా నడపడానికి ఫెడరల్ కోర్టులు ఒప్పుకోవు. "బిల్లింగ్‌లో మోసం జరుగుతోంది" అని రాస్తే చాలదు, ఏ తేదీ, ఏ కోడ్, ఏ క్లెయిమ్, ఎవరు దిద్దారు అన్నది కనీసం కొన్ని నమూనాలతో చూపాలి. పేషెంటు రికార్డులను సొంత లాయరుకు చూపడానికి హిపా అనే పేషెంటు గోప్యతా చట్టం నిబంధనల్లో దారి ఉంది, అలాగని సర్వరంతా కాపీ చేసుకోవడం కుదరదు. దావాకు అవసరమైనంతే తీసుకోవాలి.

హెచ్1బీ మీద ఉన్నవాళ్లకు ఇంకో భయం. ప్రతీకారంగా తీసేస్తే ఉద్యోగం తిరిగి ఇప్పించడం, పోయిన జీతానికి రెండింతలు ఇప్పించడం ఫెడరల్ చట్టంలో ఉన్నాయి, చాలా రాష్ట్రాల చట్టాల్లోనూ ఉన్నాయి. క్వి టామ్ కేసు గెలవకపోయినా ఆ హక్కు విడిగా నిలుస్తుంది. కానీ ఉద్యోగం పోయాక దేశంలో ఉండటానికి వీసా లెక్కలో గరిష్ఠంగా 60 రోజులే, కోర్టు ఆ గడియారాన్ని ఆపదు. అందుకే లోపల ఫిర్యాదు రాయకముందే ఫాల్స్ క్లెయిమ్స్ లాయరునూ, ఇమిగ్రేషన్ లాయరునూ ఇద్దరినీ కలవాలి.

గోదారిగట్టు

పద్దుపుస్తకం గారి హద్దు పన్నుల వరకు నాకూ సమ్మతమే. ఆరోగ్య కేసులకు గేటు బదులు ఇంకోటి అడుగుతాను: "చేరం" అని చెప్పే ప్రతిసారీ అటార్నీ జనరల్ కారణం ఏమిటో, సిబ్బంది లేకనా ఆధారం లేకనా అన్నది, కోర్టుకు రాసివ్వాలి. ఆధారం లేదంటే జడ్జి దానికి విలువ ఇవ్వొచ్చు. సిబ్బంది లేరంటే కేసు సాగాలి. మేరీలాండ్ చట్టాన్ని ఇలా మార్చడానికి అడ్డేమిటో తెలిసినవాళ్లు రాయండి.