పాల్ ఓకానెల్ కెరీర్: ఏళ్ల తరబడి మన్‌స్టర్‌కే ఆడినవాడు చివర్లో టూలాన్‌కు ఎందుకు ఒప్పుకున్నాడు?

ప్రశ్న: బ్రాడీపేట పాఠకుడు, గుంటూరు

సభ్యులందరికీ నమస్కారం. 2025 జూన్‌లో ముంబయిలో జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ ఆట చూసిన నాటి నుంచి, కబడ్డీ ఆడే మా అన్నయ్య కొడుక్కి రగ్బీ మీద మనసు పడింది. వాడి పుణ్యమా అని నేనూ ఐర్లాండ్ ఆటగాడు పాల్ ఓకానెల్ గురించి చదివాను. 1979లో పుట్టి, 2001లో ఐర్లాండ్‌లోని ప్రాంతీయ జట్టు మన్‌స్టర్‌లోకీ, మరుసటి ఏడాది ఐర్లాండ్ జట్టులోకీ వచ్చి, దేశం తరఫున 108 మ్యాచ్‌లు ఆడి, 2009లో దక్షిణాఫ్రికా వెళ్లిన లయన్స్ (బ్రిటన్, ఐర్లాండ్‌ల ఉమ్మడి జట్టు) జట్టుకు నాయకత్వం వహించిన మనిషి ఆయన. అన్నేళ్లూ ఒకే జట్టును అంటిపెట్టుకొని, చివర్లో ఫ్రాన్స్‌లోని టూలాన్ క్లబ్‌తో ఒప్పందం చేసుకొని, అక్కడ ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే 2016 ఫిబ్రవరిలో ఆట నుంచి తప్పుకున్నారు. వెళ్లదలిస్తే అంతకుముందే ఎందుకు వెళ్లలేదు? అక్కడ ఆటగాళ్లకు జీతం ఇచ్చేది ఎవరు? మావాడి వయసు పదహారు. ఈ ఆటలో శరీరం ఎన్నేళ్లు నిలుస్తుందన్నది ఇంట్లో అందరి బెంగ. తెలిసినవారు వివరించగలరు.

జవాబు: విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు, లబ్బీపేట, విజయవాడ

మీ మొదటి రెండు ప్రశ్నలకూ జవాబు ఒకచోటే ఉందండీ. 1995 ఆగస్టు వరకు ఈ పదిహేనుమంది రగ్బీలో ఆడినందుకు డబ్బు తీసుకోవడమే నిషిద్ధం. ఆ నిషేధం తొలగాక ఇంగ్లండ్, ఫ్రాన్స్‌లలో క్లబ్బులు ప్రైవేటు యజమానుల చేతికి వెళ్లాయి. ఐర్లాండ్‌లో మాత్రం మన్‌స్టర్, లెన్‌స్టర్, అల్‌స్టర్, కానక్ట్ అనే నాలుగు ప్రాంతీయ జట్లూ ఆ దేశంలో ఈ ఆటను నడిపే సంస్థ అయిన రగ్బీ యూనియన్ పరిధిలోనే ఉండిపోయాయి. జాతీయ జట్టుకు ముఖ్యులనుకున్న కొద్దిమందికి యూనియనే నేరుగా జీతమిస్తుంది. దాన్ని సెంట్రల్ కాంట్రాక్ట్ అంటారు. బీసీసీఐ కాంట్రాక్టులు మనకు తెలిసినవే గానీ, ఐపీఎల్ యజమాని మీద బీసీసీఐకి లేని పట్టు అక్కడి యూనియన్‌కు ప్రాంతీయ జట్ల మీద ఉంటుంది. ఫలానా ఆటగాణ్ని ఈ వారం దించాలా, కూర్చోబెట్టాలా అన్న నిర్ణయంలో యూనియన్ మాట చెల్లుతుంది. అందుకే అక్కడి అగ్రశ్రేణి ఆటగాళ్లకు తగినంత విశ్రాంతి దొరుకుతుంది. ఫ్రాన్స్‌లో యజమాని డబ్బు పోసి కొనుక్కున్న ఆటగాణ్ని సుదీర్ఘమైన లీగ్ సీజన్‌లో వారం వారం ఆడించాలనే చూస్తాడు, అది సహజమే.

దీనికి తోడు, విదేశాల్లో ఆడేవారిని జాతీయ జట్టుకు దాదాపుగా తీసుకోకపోవడం అక్కడి ఆనవాయితీ. జానీ సెక్స్‌టన్ 2013 నుంచి 2015 వరకు పారిస్ ప్రాంతపు రేసింగ్ క్లబ్‌కు ఆడుతూనే ఐర్లాండ్‌కు ఆడారు గానీ, అది అరుదైన మినహాయింపు. తిరిగి వచ్చాక ఆయన 2018లో ప్రపంచ ఉత్తమ ఆటగాడయ్యారు, 2023లో గ్రాండ్‌స్లామ్ (ఆరు దేశాల టోర్నీలో అన్ని మ్యాచ్‌లూ గెలవడం) సాధించిన జట్టుకు నాయకుడయ్యారు, 38 ఏళ్ల వయసులో ప్రపంచకప్ ఆడి విరమించారు.

ఓకానెల్ 2015 ప్రపంచకప్‌తో అంతర్జాతీయ ఆట ముగించాలని ముందే నిశ్చయించుకున్నారు. దేశానికి ఇక ఆడనప్పుడు ఆ కట్టుబాటు ఆయనకు వర్తించదు. పైగా టూలాన్ అప్పటికి వరుసగా మూడేళ్లు యూరప్ కప్ గెలిచిన జట్టు. డబ్బు కోసం వెళ్లాడని తేల్చేయడం నాకు న్యాయంగా తోచదు. మన్‌స్టర్‌కు 2006, 2008లలో యూరప్ కప్పులు సాధించిపెట్టిన జట్టులో మూలస్తంభంగా నిలిచినవాడు ఆ జట్టుకు బాకీ పడింది ఏమీ లేదు.

ప్రసంగవశాత్తు ఒక మాట. ఐర్లాండ్‌లో వృత్తి క్రీడాకారుడు ఆట విరమించాక, గరిష్ఠంగా పదేళ్ల ఆట సంపాదనలో 40 శాతానికి పన్ను మినహాయింపు కోరి, కట్టిన పన్నులో కొంత వెనక్కి పొందవచ్చు. ఆటగాడి సంపాదన కాలం కొద్దిదని చట్టమే గుర్తించిందన్నమాట. మన దగ్గర ఇలాంటి ఆలోచన రావాలని మనస్ఫూర్తిగా కోరుకుంటాను.

జవాబు: ఫిజియోథెరపిస్ట్, అరండల్‌పేట, గుంటూరు

ఆయన గాయం సంగతి నేను చెబుతాను. 2015 అక్టోబర్ 11న కార్డిఫ్‌లో ఫ్రాన్స్‌తో మ్యాచ్, మొదటి సగం ముగియబోతుండగా, బంతి కోసం జరిగిన పెనుగులాటలో ఆయన తొడ వెనుక కండరం ఎముక నుంచి ఊడివచ్చింది. మరో తొమ్మిది రోజుల్లో ఆయనకు 36 నిండుతాయి. మనం కూర్చున్నప్పుడు శరీర భారాన్ని మోసే ఎముక దగ్గరే ఈ కండరాలు మొదలవుతాయి. మోకాళ్లు దాదాపు చాపి, నడుము వంచి, నేల మీది బంతిని అందుకునే భంగిమలో అవి పూర్తిగా సాగి ఉంటాయి. సరిగ్గా ఆ క్షణంలో మీద బరువు పడితే తట్టుకోలేవు. మామూలుగా కండరం పట్టేస్తే కొన్ని వారాల్లో తగ్గుతుంది. ఊడినదాన్ని శస్త్రచికిత్సతో తిరిగి ఎముకకు బిగించాలి, ఆపైన నెలల తరబడి సాధన చేయించాలి. ఆయన ఆడే లాక్ స్థానంలో స్క్రమ్‌లో (రెండు జట్లూ తలలు వంచి ఒకరినొకరు నెట్టుకునే చోట) వెనుక నుంచి నెట్టాలి, లైనౌట్‌లో (పక్క గీత నుంచి విసిరిన బంతిని అందుకునేటప్పుడు) గాలిలోకి ఎగరాలి. రెండింటికీ ఆ కండరమే ఆధారం. వైద్యుల సలహా మీద విరమించడం సరైన నిర్ణయమని నా అభిప్రాయం.

జవాబు: లిమరిక్‌లో చదువుకున్న పటమటవాసి

మీ అబ్బాయికి పదహారేళ్లు వచ్చేశాయని దిగులు వద్దండీ. మన్‌స్టర్ ప్రాంతంలోని లిమరిక్‌వాడైన ఓకానెల్ చిన్నప్పుడు ఈతగాడు. రగ్బీని గట్టిగా పట్టుకున్నది టీనేజీ నడిమిలోనే. డబ్లిన్ వైపు ఖరీదైన బడుల నుంచి ఆటగాళ్లు ఎక్కువగా వస్తారు గానీ, లిమరిక్‌లో ఇది అన్ని వర్గాలవారి ఆట. అక్కడి మన్‌స్టర్ మైదానం థోమండ్ పార్క్‌లో ప్రత్యర్థి ఆటగాడు గోల్‌కు తన్నబోతున్నా సరే, స్టేడియమంతా నోరు మెదపదు; ఎవరైనా కేక వేస్తే పక్కవాళ్లే ఊరుకోమంటారు. అటువంటి ఊరు పెంచిన మనిషి కాబట్టే ఆట మానినా ఆటను వదల్లేదు. 2021 నుంచి ఐర్లాండ్ జట్టులో ఫార్వర్డ్‌లకు (స్క్రమ్‌లో నెట్టే ఆటగాళ్లకు) కోచ్‌గా ఉంటూ, 2025 వేసవిలో జార్జియా, పోర్చుగల్ పర్యటనకు తాత్కాలిక ప్రధాన కోచ్‌గా కూడా పనిచేశారు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. లబ్బీపేట మాస్టారూ, కబడ్డీలో నేర్చిన పట్టు ఇందులో పనికివస్తుందా?

జవాబు: విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు

నడుము కిందికి వంగి తొడలు పట్టే అలవాటు తప్పకుండా పనికివస్తుంది. అయితే కబడ్డీలో ఎదుటివాడు పరుగున వచ్చి గుద్దుకోడు, ఇందులో గుద్దుకుంటాడు. కాబట్టి భుజం తాకించి, రెండు చేతులూ చుట్టి, తలను ఎదుటివాడి తుంటికి పక్కగా ఉంచడం ముందు నేర్పించండి. తల అడ్డంగా పెట్టే అలవాటు పోయేవరకు పదిహేనుమంది ఆటకు పంపవద్దు. ఓకానెల్ 2002లో వేల్స్‌పై ఆడిన తొలి అంతర్జాతీయ మ్యాచ్‌లోనే ట్రై (ప్రత్యర్థి గోల్ గీత దాటి బంతిని నేలకు తాకించడం) చేశారు, తలకు దెబ్బ తగలడం వల్ల అది ఆయనకు గుర్తే లేదు. ఇప్పుడైతే అనుమానం వచ్చిన వెంటనే బయటికి తీసుకెళ్లి పరీక్షిస్తారు. మన మైదానాల్లో ఆ ఏర్పాటు ఉండదు కాబట్టి, తలకు దెబ్బ తగిలిన రోజున మళ్లీ ఆడించకూడదన్న నియమాన్ని ఇంట్లోవాళ్లే పెట్టుకోవాలి, కోచ్‌కు ముందుగానే చెప్పి ఉంచాలి.