విక్టోరియా రాణి కాసులు: అరుదైనవా, మామూలువా?

ప్రశ్న: అమ్మమ్మ కాసులపేరు తెగిపోతే మూడు రాణి కాసులు విడిగా తీసి పెట్టాం. ఒకటి 1869, వెనక డాలు బొమ్మ, దాని కింద చిన్నగా 23 అనే అంకె. రెండోది 1889, గుర్రం మీద వీరుడు. మూడోదీ గుర్రమే, 1882, కానీ రాణి ముసుగేసుకున్న ముసలావిడలా ఉంది. యూట్యూబ్‌లో లక్షలు పలుకుతాయంటున్నారు, షాపులోనేమో తరుగు పోను బంగారం రేటే ఇస్తామంటున్నారు. మెరుగు పెట్టించి అమ్మమంటారా?

జవాబు: మెరుగు జోలికి మాత్రం పోకండి, కనీసం కుంకుడు రసంతో కూడా తోమకండి. సేకరించేవాళ్ళు ముందు చూసేది తోమారా లేదా అనే. రింగు కోసం టంకం వేసిన కాసుకి ఎలాగూ సేకరణ విలువ చాలావరకు పోయినట్టే, ఆ రింగు పీకించినా తిరిగి రాదు.

ఆ 23 చూసి ఆశపడొద్దు, 1863 నుంచి 1874 వరకు లండన్ టంకశాలలో డాలు కాసుల మీద అచ్చు నంబరు (ఏ అచ్చుతో కొట్టారో తెలిపే అంకె) వేసేవాళ్ళు, అంతే. 1869లో 64 లక్షలకు పైగా కొట్టారు. 1889వీ బోలెడున్నాయి. అరుదు అంటే లండన్‌వే 1841 (సుమారు లక్షా 24 వేలు), 1879 (20 వేల చిల్లర) లాంటివి. 1889 దాంట్లో తేదీకి పైన, గుర్రం కింద ఉండే నేల గీత మీద భూతద్దం పెట్టి చూడండి: S ఉంటే సిడ్నీ టంకశాల, M ఉంటే మెల్‌బోర్న్, ఏమీ లేకపోతే లండన్.

మరో జవాబు: మూడోది టంకశాల సరుకు కాదండీ. ముసుగు బొమ్మ 1893లో మొదలైంది, 1882లో ఇంకా పడుచు రాణి బొమ్మే ఉండేది. ఎవరో అచ్చు పోసి కొట్టారు, అలాంటివి మన కాసులపేర్లలో మామూలే. బంగారం కాదని మాత్రం అనను. తూచి చెప్పండి, అసలుది 7.99 గ్రాములు, 22 క్యారెట్లు.

అడిగినవారు: 7.41 ఉంది, దీనికి రింగు లేదు. మిగతా రెంటికీ ఉంది.

జవాబు: మిల్లీగ్రాములు చూపే చిన్న తక్కెడ మీద నీళ్ళ కప్పు పెట్టి సున్నా చేయండి. కాసుని దారంతో కట్టి, అడుగు తగలకుండా, పూర్తిగా మునిగేలా పట్టుకోండి. ఎంత చూపిందో దాంతో కాసు బరువుని భాగిస్తే 22 క్యారెట్ల బంగారం సాంద్రత, అంటే 17.5 దరిదాపుల్లో రావాలి. ఇత్తడైతే 8, 9 దగ్గరే ఆగుతుంది.

అడిగినవారు: 0.42 చూపింది!

జవాబు: అయితే టెన్షన్ లేదు, 22 క్యారెట్లకు దగ్గర్లోనే ఉంది, బంగారం రేటుకి ఇచ్చేయొచ్చు. మిగతా రెండూ ఉంచుకోండి. అన్నట్టు, అమెరికాలో ఉన్న పిల్లలకిద్దామని సూట్‌కేసులో పెట్టి పంపకండి, వందేళ్ళు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు, దేశం దాటించకూడదు.