ఎడమవైపు కనబడకపోతే ఎడమ కన్ను పోయినట్టేనా?

ప్రశ్న: మా మామగారికి 68 ఏళ్లు. పోయిన నెల చిన్న స్ట్రోక్ వచ్చింది. కాలూ చేయీ బాగానే ఆడుతున్నాయి, మాట కూడా పోలేదు. కానీ "ఎడమ కన్ను కనబడట్లేదు" అంటున్నారు. గుమ్మానికి ఎడమ భుజం కొట్టుకుంటున్నారు. కంచంలో ఎడమవైపు వేసిన పచ్చడి ముట్టరు. కళ్లజోళ్ల షాపులో రెండు కళ్లతోనూ చార్టు చివరిదాకా చదివేశారు. అంతా టెన్షన్ వల్లే అంటున్నారు ఇంట్లో. నిజమేనా?

జవాబు: టెన్షన్ కాదండీ. నేను కంటి పరీక్షలు చేసే పనిలోనే ఉన్నాను. ముందు ఇంట్లో ఇది చూడండి. ఆయనకెదురుగా రెండు మూరల దూరంలో కూర్చోండి. ఆయన్ని ఒక కన్ను మూసుకుని మీ ముక్కునే చూడమనండి. మీరు అటోసారి ఇటోసారి వేళ్లు చూపించి ఎన్నో అడగండి. తర్వాత రెండో కన్ను మూయించి మళ్లీ అడగండి. ఏ కన్ను మూసినా ఆయనకు ఎడమవైపున్న వేళ్లే తప్పిపోతుంటే లోపం కంటిలో లేదు, మెదడులో కుడివైపు దారిలో ఉంది.

ఎందుకంటే, ఎడమవైపున్న వస్తువు బొమ్మ రెండు కళ్లలోనూ రెటీనా (కంటి లోపల వెనక ఉండే తెర) కుడి సగం మీదే పడుతుంది. ఒక్కో కంటి నరంలో పది లక్షలకు పైగా పోగులుంటాయి. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథికి కాస్త పైన రెండు నరాలూ కలుస్తాయి. అక్కడ ముక్కువైపు సగం నుంచి వచ్చిన పోగులు మాత్రమే అవతలి వైపుకు దాటతాయి, చెవివైపువి దాటవు. దాంతో ఎడమ దృశ్యమంతా, ఏ కంటిదైనా సరే, కుడి మెదడుకే చేరుతుంది. మెదడు నడుమ ఉండే థాలమస్‌లో ఒక మజిలీ, అక్కణ్ణుంచి తల వెనక ఆక్సిపిటల్ భాగానికి. ఆయన స్కాన్ రిపోర్టులో ఆ 'ఆక్సిపిటల్' అన్న మాట ఉందేమో చూడండి.

చార్టు పరీక్షించేది నడిమధ్య చూపునే. ఇలాంటి స్ట్రోక్‌లో అది చాలాసార్లు మిగిలే ఉంటుంది, అందుకే షాపులో పట్టుబడలేదు. (రెండు కళ్లకీ బయటివైపులు పోతే కథ వేరు, పిట్యూటరీ గడ్డ ఉందేమో చూడాలి.)

ఇంట్లోవాళ్లకి ఇది కూడా చెప్పండి. 1904-05 రష్యా-జపాన్ యుద్ధంలో తల వెనక తూటా దూసుకుపోయినా బతికిన సైనికులను తత్సుజి ఇనొయె అనే కంటి డాక్టరు పరీక్షించారు. పింఛను లెక్క కట్టడానికి ఎవరికి ఎంత చూపు పోయిందో తేల్చాలి మరి. తూటా ఎక్కడ తగిలితే చూపులో ఏ ముక్క పోతుందో ఆయన గీసిన పటం 1909లో అచ్చయింది. వాళ్ల కళ్లకు గీతైనా పడలేదు.

మళ్లీ ప్రశ్న: చూశామండీ, ఏ కన్ను మూసినా ఎడమవైపే తప్పుతోంది. కంచం తిప్పి పెడితే పచ్చడి తినేశారు! అద్దాలు మారిస్తే సరిపోతుందా? చూపు తిరిగొస్తుందా?

జవాబు: అద్దాల పవర్ మార్చి లాభం లేదు, డబ్బు దండగ. ఫీల్డ్ టెస్ట్ (చుట్టూ ఎంతమేర కనబడుతోందో కొలిచే పరీక్ష) చేయించి ఆ కాగితం న్యూరాలజిస్టుకి చూపండి. వచ్చేదేదో చాలావరకు మొదటి కొద్ది నెలల్లోనే వస్తుంది, కొందరికి అంతగా రాదు. బండి మాత్రం ఇవ్వొద్దు, డాక్టరు సరేననేదాకా. ఇంకోటి, ఎడమవైపు కనబడట్లేదని తెలిసి తల తిప్పుకుంటున్నారా, లేక అసలు ఎడమనేది ఉన్నట్టే పట్టించుకోవట్లేదా గమనించండి. రెండోది వేరే సమస్య, ఒక్కోసారి రెండూ కలిసే ఉంటాయి. డాక్టరు తప్పకుండా అడుగుతారు.

ఇంకొకరు: మా అమ్మకీ ఇదే. పేపరు చదివేటప్పుడు వరస మొదలెక్కడో దొరక్క విసుక్కునేది. ఎడమ అంచున ఎర్ర స్కేలు పెట్టి, అది కనబడేదాకా తల తిప్పమన్నాం, కుదిరింది. మందులూ మంచినీళ్లూ కుడివైపే పెట్టండి. రోడ్డు మీద మీరు ఆయనకు ఎడమపక్కన నడవండి.

జవాబు: స్కేలు చిట్కా బాగుంది. అయితే అన్నీ కుడివైపే సర్దేస్తే తల తిప్పే అలవాటు పడదు. మందులు కుడివైపే ఉంచి, టీవీ రిమోట్ లాంటివి ఎడమవైపు పెట్టి వెతుక్కోనివ్వండి. ఫీల్డ్ టెస్ట్‌కి పొద్దున్నే తీసుకెళ్లండి, అలసటగా ఉంటే ఫలితం సరిగ్గా రాదు.