ఈల పడ్డాక కూడా తోపులాట: కోపం బయటికి పోనిస్తే తగ్గుతుందా?

పీఈటీ_కబడ్డీ:
అండర్-17 జట్టులో ఇద్దరు డిఫెండర్లు ఈల పడ్డాక కూడా రైడర్‌ని వదలరు, తోస్తారు. పసుపు కార్డు పడితే 2 నిమిషాలు ఒక మనిషి తక్కువతో ఆడాల్సి వస్తోంది. మ్యాచ్‌కి ముందు పంచింగ్ బ్యాగ్ కొట్టిస్తే కసి తీరిపోతుందని కొందరంటున్నారు. నిజమేనా? పట్టులో దూకుడు మాత్రం తగ్గకూడదు.

సైకాలజీ_లెక్చరర్:
సార్, బ్యాగ్ వద్దు. 2002లో సైకాలజిస్ట్ బ్రాడ్ బుష్‌మన్ ప్రయోగంలో, తమని కించపరిచిన మనిషిని తలచుకుంటూ బ్యాగ్ కొట్టినవాళ్లకే కోపం ఎక్కువైంది. ఊరికే కూర్చున్నవాళ్లు అందరికంటే తక్కువ కక్ష చూపించారు. కొట్టేకొద్దీ కసి తీరదు, పెరుగుతుంది.

ముందు ఇది ఏ రకమో తేల్చుకోండి. రూల్స్‌కి లోబడి గట్టిగా పట్టడం దూకుడు, దాని జోలికి పోకండి. రైడర్‌ని బెదరగొట్టాలని లెక్క వేసుకుని చేసేది ఒకటి, ఒళ్లు మండి చేసేది ఇంకొకటి. అనుకున్నది జరక్కపోతే మనిషి దాడికి దిగుతాడని 1939లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో డొలార్డ్ బృందం అంది. 1989లో బెర్కోవిట్జ్ అనే సైకాలజిస్ట్ దాన్ని సరిదిద్దాడు: అనుకున్నది జరక్కపోయినప్పుడు లోపల పుట్టే చేదే అసలు కారణం, ఎండ వల్లా నొప్పి వల్లా కూడా అదే చేదు పుడుతుంది.

ఐదారు మ్యాచ్‌లకు నోట్‌బుక్ పెట్టండి: ఏ నిమిషం, స్కోరెంత, అంతకుముందు రైడ్‌లో ఏమైంది. ఎదుటి జట్టుకి బోనస్ పాయింట్ ఇచ్చేశాకో, అంపైర్ నిర్ణయం నచ్చకో తోస్తుంటే అది ఒళ్లు మంట. గెలుస్తున్నప్పుడు కూడా ఎదుటి మెయిన్ రైడర్‌నే తోస్తుంటే అది లెక్క.

మ్యాట్_అంపైర్:
ఒళ్లు మంటకైతే ఈల పడ్డాక మొదటి పది సెకన్లకి ఒక పని ఇవ్వాలి. ఈల వినగానే రెండు చేతులూ విప్పి పైకెత్తాలి, వెనక గీత దాకా నడవాలి, 4 అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి 6 అంకెలు వదలాలి, తర్వాతి రైడర్ ఎవరో పక్కవాడికి పైకి చెప్పాలి. ఈ చివరిది మానేయొద్దు. 2006 ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్లో ఫ్రాన్స్ ఆటగాడు జిదాన్ కూడా ముందు కొన్ని అడుగులు ముందుకెళ్లాడు, ఆ తర్వాతే వెనక్కి తిరిగి తలతో కొట్టాడు. కాళ్లు దూరం జరిగినా బుర్ర అక్కడే ఉంటే లాభం లేదు.

చాలాచోట్ల ఇది ఎందుకు పనిచేయదంటే, కూర్చోబెట్టి నేర్పుతారు. వరసగా పది రైడ్‌లు ఆడించి, ఆయాసం మీదున్నప్పుడు కావాలనే తప్పు నిర్ణయం ఇవ్వండి. వాదించినవాడి జట్టుకి ఒక పాయింట్ కోత. అంపైర్‌తో మాట్లాడేది కెప్టెన్ ఒక్కడే.

పీఈటీ_కబడ్డీ:
ఒకడిది లెక్కే అనిపిస్తోంది మేడమ్. వాడికి శ్వాస పాఠం దేనికి?

సైకాలజీ_లెక్చరర్:
దేనికీ పనికిరాదు, వాడికి కోపమే లేదుగా. తోపు వల్ల వాడికి దొరికేదాన్ని తీసేయాలి. సైకాలజిస్ట్ బండూరా 1965 ప్రయోగంలో, ఫిల్మ్‌లో బొమ్మని కొట్టినవాడికి శిక్ష పడటం చూసిన పిల్లలు తక్కువగా అనుకరించారు. బహుమతి ఇస్తామనగానే, శిక్ష చూడని మిగతావాళ్లలాగే అంతా చేసి చూపించారు. నేర్చుకున్నది లోపలే ఉంది. అందుకే గ్రౌండ్ చుట్టూ పరుగు పెట్టించడం కాదు, తోసిన క్షణంలోనే, గెలుస్తున్నా సరే, బెంచికి పిలవండి. ఆ రైడ్‌లో వచ్చిన పాయింటుకి బెంచి మీద ఎవరూ చప్పట్లు కొట్టకూడదు, ముఖ్యంగా మీరు. శుభ్రంగా పట్టి వదిలిన ట్యాకిల్‌కి మాత్రం వాడి పేరు పిలిచి మెచ్చుకోండి.