ముందు షాపులొస్తే వెనక ఇంటి రేటు పెరిగినట్టా, తగ్గినట్టా?

పటమట రెండోవరస:
మాది విజయవాడ పటమటలో మెయిన్ రోడ్డుకి వెనక వరస. 200 గజాలు, నాన్న 1996లో కట్టించిన డాబా. ముందున్న పెంకుటిల్లు అమ్ముడుపోయి ఐదంతస్తుల కమర్షియల్ బిల్డింగ్ లేచింది. కింద బిర్యానీ, పైన కోచింగ్, నాలుగో అంతస్తులో జిమ్. జిమ్ వెనక గోడంతా అద్దమే. పొద్దున ఆరింటికల్లా ఎనిమిది మంది ట్రెడ్‌మిల్ ఎక్కి మా మేడకేసి పరుగెడుతుంటారు, ఎంతకీ రారనుకోండి. అమ్మ మేడెక్కడం మానేసింది. ఈసారి గుమ్మడి వడియాలు పిన్నిగారింట్లో పెట్టి తెచ్చుకుంది. చూసినవాళ్లేమో "మీ అదృష్టం, రేటు ఎక్కడికో పోయింది" అంటున్నారు. నిజమేనా?

గజాల లెక్క:
నిజమే మేడం. ఈ ఊళ్లో ఇరవై ఏళ్లుగా స్థలాలు చూపిస్తున్నా. 2014లో రాజధాని అనగానే ఎగిరింది. 2019 డిసెంబర్లో మూడు రాజధానుల మాట రాగానే ఫోన్ ఎత్తేవాడే లేడు. 2024లో మళ్లీ కదిలింది. ఇన్ని ఊపుల్లోనూ షాపుల పక్క స్థలం అడిగేవాడు ఎవడో ఒకడు ఉన్నాడు. వడియాలకి బాధపడితే ఎలాగండీ.

మా ఇంటి గోడ:
అన్నా, నువ్వు చెప్పేది రోడ్డు మీద స్థలం సంగతి. మాదీ వెనక వరసే, గురునానక్ కాలనీ వైపు. కొనేవాడొచ్చి ఏమంటాడో తెలుసా? "ఇల్లెలాగూ పడగొట్టాలి, స్థలానికే రేటు కడతా." నలభై లక్షలు పెట్టి బాగుచేయించిన ఇంటికి సున్నా! మేడ మీద వాటా ముందు ఫ్యామిలీలకే ఇచ్చేవాళ్లం. హోటల్ ఎగ్జాస్ట్ మా వంటింటి కిటికీకి ఎదురుగా పెట్టాక ఒక్కరూ ఆర్నెల్లు నిలవలేదు. ఇప్పుడు అందులో ఏదో కంపెనీ అట్టపెట్టెలున్నాయి. అద్దె తగ్గింది, గేటు ముందు బండ్లు పెరిగాయి.

ప్లాన్లు గీసేవాణ్ణి:
ఇద్దరి మాటా కరెక్టే, తేడా అంతా రోడ్డు వెడల్పులో ఉంది. మన రాష్ట్రంలో 2017 బిల్డింగ్ రూల్స్ ప్రకారం ఎంత ఎత్తు కట్టొచ్చు, దేనికి వాడొచ్చు అనేది చాలావరకు ఎదురుగా ఉన్న రోడ్డును బట్టే. ముందువాడికి పెద్ద రోడ్డు కాబట్టి ఐదంతస్తులు. మీది ముప్పై అడుగుల వీధైతే అలాంటిది లేపడం కుదరదు. అంటే ఇబ్బంది మీకొచ్చింది, అవకాశం రాలేదు. రేటు అడిగే ముందు మీ వీధిని టేపుతో కొలవండి.

ఇంకోటి. ఈ సైజు బిల్డింగ్‌కి ప్లాన్ ఇచ్చేటప్పుడు కొంత భాగం కార్పొరేషన్‌కు తనఖా పెట్టించుకుంటారు, ప్లాన్ ప్రకారమే కట్టారని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే వదులుతారు. అది రాకముందు చేసిన ఫిర్యాదుకి బలం ఎక్కువ. సమాచార హక్కు కింద శాంక్షన్ ప్లాన్ కాపీ తీసుకుని వెనక సెట్‌బ్యాక్, అంటే హద్దు దగ్గర వదలాల్సిన ఖాళీ, ఎంత చూపించారో చూడండి. ఏసీ అవుట్‌డోర్ యూనిట్లన్నీ ఆ సందులోనే బిగించి ఉంటారు, పందెం.

కోర్టు మెట్లు:
చాటు సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెబుతున్నా. పక్కవాళ్ల స్థలం మీద మనకుండే దారి, వెలుతురు లాంటి హక్కులు చెప్పే 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం మొదట్నుంచీ మద్రాసు ప్రెసిడెన్సీకి ఉంది, అందులో మన బెజవాడా ఉంది. పక్కింటి మరుగు పోయేలా కొత్త కిటికీ పెట్టకూడదనే ఊరి ఆచారం ఉంటే దాన్ని హక్కుగా ఒప్పుకోవచ్చని 18వ సెక్షన్ ఉదాహరణలోనే రాశారు. 1888లో అలహాబాద్ హైకోర్టు ఆడవాళ్ల మరుగు విషయంలో అలాంటి ఆచారాన్ని నిలబెట్టింది కూడా. కానీ 2020ల పటమటలో ఆ ఆచారం ఉందని సాక్ష్యం తేవడం మహా కష్టం.

వెలుతురు కేసు నయం. ఇరవై ఏళ్లు అడ్డులేకుండా కిటికీలోంచి వచ్చిన వెలుతురుకు 15వ సెక్షన్‌లో హక్కుంది. మీ ఇల్లు 1996ది, లెక్క సరిపోతుంది. అయితే గోడ లేచాక ఏడాదిపాటు చూస్తూ ఊరుకుంటే ఒప్పుకున్నట్టు తేలే ప్రమాదముంది. తొందరగా లాయర్ని కలవండి.

గజాల లెక్క:
కలవండి, కలవండి. కోర్టులో ఉన్న ఇల్లు అని తెలిస్తే నా దగ్గరికొచ్చే పార్టీ కారు కూడా దిగదు. అదీ చెప్పండి సార్ ఆవిడకి.

కోర్టు మెట్లు:
ఆవిడ అమ్ముతానని ఎక్కడన్నారు?

పటమట రెండోవరస:
అమ్మటం లేదండీ. అమ్మినా లాభం మీద 12.5 శాతం పన్ను పోగా మిగిలిన దాంతో ఇదే పటమటలో ఏం కొంటాం? అపార్ట్‌మెంట్‌లో మూడు గదులు. అమ్మ ససేమిరా అంది.

టేపుతో కొలిచా. మా వీధి 28 అడుగులు. వెనక సందులో ఏసీ యూనిట్లు పదకొండు. పందెం మీరే గెలిచారు. ప్లాన్ కాపీకి సోమవారం దరఖాస్తు పెడుతున్నా. ఈలోగా అమ్మ నిన్న మేడ మీద ఆకుపచ్చ నెట్ కట్టించింది. జిమ్‌వాళ్లు కనబడట్లేదు, సరే. ఎండా రావట్లేదు. వడియాలకి ఇప్పుడు అదొక కొత్త తంటా.